కొమ్మ నరికి తీసిన ఫోటో

రేపల్లెకీ భట్టిప్రోలుకీ మధ్య, రైలుకట్టకు అవతల, మురుగుకాలువ పక్కన కొంత బీడు ఉంది. చవుడు నేల. వరి నిలవదు. చుట్టూ చూపు ఆనినంత మేర మాగాణి, మధ్యలో ఆ కాస్త ముక్కలో మాత్రం మోకాలెత్తు గడ్డి, ముళ్ళతుమ్మలు, నాలుగు తాడిచెట్లు. ఊళ్ళోవాళ్ళు దాన్ని పనికిరాని నేల అంటారు. ఎనిమిదేళ్ళుగా నా ఆదివారం ఉదయాలు ఆ పనికిరాని నేల మీదే గడిచాయి.

అక్కడ పూరేడు పిట్టలు కాళ్ళ దగ్గర నుంచి బుర్రున లేస్తాయి. తీతువులు నేల మీదే గుడ్లు పెట్టి, మనిషి అటుగా వస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దారి మళ్ళిస్తాయి. చలికాలంలో పిల్లిగద్దలు గడ్డి మీద తక్కువ ఎత్తున తేలుతూ పోతాయి. ముంగిసలు, ఉడుములు సరే, అదృష్టం బాగుంటే పొద్దున్నే ఇంటిదారి పట్టిన నక్క కూడా కనిపిస్తుంది. వీటిని ఫోటోలు తీయడం నాకు పిచ్చి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పాఠ్యపుస్తకంలో ఆహారపు గొలుసు బొమ్మలో ఎప్పుడూ ఏదో పరాయి దేశపు గద్దే ఉంటుంది. మన పొలంలో తిరిగే దాన్ని చూపిద్దామని కెమెరా కొన్నాను. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా రావడం మా అమ్మ లెక్కలో చిన్న తప్పు కాదు. చీకటి విడిచే వేళకు స్కూటీ మీద బీడుకు వెళ్ళి, తొమ్మిదికల్లా ఇల్లు చేరి, చీర మార్చుకుని గుడికి పరిగెత్తేదాన్ని. జడలో ఇరుక్కున్న గడ్డిపరకలు అమ్మ పాట మధ్యలో తీసి పారేసేది.

మొదటి రెండేళ్ళూ నా ఫోటోలన్నీ మసకే. నాకు ఫోటో తీయడం నేర్పింది తెనాలిలో ఒక డాక్టరుగారు. అమ్మకు షుగర్ ఎక్కువైతే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గది గోడ నిండా పక్షుల ఫోటోలు. నేను అమ్మ రిపోర్టులు వదిలేసి గోడ చూస్తూ నిలబడ్డాను. ఆయన నవ్వి, మీకు కూడా ఉందామ్మా ఈ జబ్బు, అన్నారు. ఆ రోజు నుంచి ఆయనే నాకు గురువు. వెలుతురు ఎటు నుంచి రావాలి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలి, పిట్ట ఎగరబోయే ముందు ఒళ్ళు ఎలా సర్దుకుంటుంది, అన్నీ ఓపికగా చెప్పారు. తన పాత ట్రైపాడ్ నాకు ఇచ్చేశారు. వాళ్ళ ఫోటో క్లబ్బులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. బాపట్ల తీరానికి వలసపిట్టల కోసం వెళ్ళినప్పుడు మగవాళ్ళంతా ముందుకు తోసుకుంటుంటే, టీచరుగారిని ముందు కూర్చోనివ్వండయ్యా, అని ఆయనే జరిపించేవారు. అమ్మ ఆయన్ని దేవుడు పంపిన మనిషి అనేది. ఇవన్నీ ఇప్పుడు చెప్పకపోయినా ఎవరూ అడగరు. కానీ చెప్పకుండా ఆయన మీద కోప్పడితే అది నిజమైన కోపం కాదు.

ఆ ఏడు కోతలైపోయి మినుము ఎదిగే రోజుల్లో, మురుగుకాలువ కట్టకు కాస్త దూరంగా ఉన్న నల్లతుమ్మ మీద తెల్లడేగ గూడు కట్టడం చూశాను. పుస్తకాల్లో దాన్ని అడవి రామదాసు అంటారు. కాకి కన్నా చిన్నది. ఒళ్ళు తెలుపు, భుజాల మీద మసి పూసినట్టు నలుపు, నిప్పుకణికల్లాంటి కళ్ళు. పొలం మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, కాళ్ళు కిందికి వేలాడేసి, ఉన్నట్టుండి రాయి పడ్డట్టు గడ్డిలోకి పడుతుంది. లేచేటప్పుడు ఎలుక కాళ్ళలో ఉంటుంది. గూడు కట్టడానికి ఆడా మగా రెండూ పదిరోజులు పుల్లలు మోశాయి. తర్వాత ఆడది గూటిలో కూర్చుంది. మగది వేటకు పోయి, ఎలుకను తెచ్చి తాడిచెట్టు మీద వాలి పిలిచేది. ఆడది వెళ్ళి అందుకుని వచ్చేది.

కట్ట ఎత్తుగా ఉండడంతో అక్కడ బోర్లా పడుకుంటే గూడు కంటికి సమానంగా ఉంటుంది. నేను ఖాకీ దుప్పటి ఒకటి కప్పుకుని అరవై డెబ్భై అడుగుల దూరంలో పడుకునేదాన్ని. అంతకన్నా దగ్గరికి ఒక్కసారి కూడా పోలేదు. గూటికి ముందు ఒక ముళ్ళకొమ్మ అడ్డంగా ఉండేది. దాని సందుల్లోంచి తల్లి తల, ఒక కన్ను, అప్పుడప్పుడు తోక కనిపించేవి. ఫోటోలన్నిటిలో ఆ కొమ్మే ముందు పడేది.

నన్ను అక్కడ మొదట పట్టుకున్నది గేదెలకు గడ్డి కోసుకునే ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. దుప్పటి కింద నన్ను చూసి ఎవరో పడిపోయారనుకుని కంగారుపడింది. సంగతి చెబితే నమ్మలేదు. కెమెరాలో గూడు చూపించాక నవ్వింది. ఆవిడకు ఆ పిట్ట ముందే తెలుసు. ఎలకల డేగ అనేది. మినుములో ఎలుకలు తగ్గాలంటే అది ఉండాలని, అందుకే తాను ఆ చెట్టు కంప ఎప్పుడూ కొట్టనని చెప్పింది. నేను పిన్నీ అనేదాన్ని, ఆవిడ టీచరమ్మా అనేది. గుడ్లు పిల్లలైన రోజు నాకన్నా ముందు ఆవిడకే తెలిసింది. తల్లి కూర్చునే తీరు మారిందని చెప్పింది. బయాలజీ టీచర్ని, నేను గమనించలేదు.

పిల్లలు మూడు. ఆ సంతోషం నేను ఒక్కదాన్నే మోయలేకపోయాను. ఆ వారం అమ్మకు మందులు మార్పించడానికి తెనాలి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి ఫోన్లో ఫోటోలు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"కొమ్మ అడ్డం పడిందమ్మా. లేకపోతే ఎంత ఫ్రేము," అన్నారు.

నేను నవ్వాను. ఎక్కడ అని అడిగారు. అడగక ముందే చెప్పాలని నాకు ఉంది. ఇంటికి వచ్చేలోగా రైల్లో కూర్చుని, వేమూరు దాటుతుండగా, వాట్సాప్‌లో లొకేషన్ పంపాను. పంపింది నేనే. నా వేలితో. గురువుగారికి ఏదైనా తిరిగి ఇవ్వగలిగానని ఆ రోజు పొంగిపోయాను కూడా.

తర్వాతి ఆదివారం బీడుకు వెళ్ళాను. కట్ట మీద దుప్పటి కప్పుకుని పడుకుని కన్ను పెట్టాను. గూడు మొత్తం కనిపించింది. అడ్డం ఏమీ లేదు. తూర్పు నుంచి తొలి ఎండ నేరుగా గూటిలో పడుతోంది. రెండు పిల్లలు మెడలు సాచి, నోళ్ళు ఇంతింత తెరిచి ఊగుతున్నాయి. తల్లి లేదు. వేటకు వెళ్ళి ఉంటుందనుకున్నాను. పిల్లలు ఈ వయసులో ఉండగా తల్లి గూడు వదలదని, వేట తండ్రి పని అని, క్లాసులో చెప్పగలిగిన నేను ఆ క్షణం ఏమీ ఆలోచించలేదు. బటన్ నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. తర్వాత చూస్తే నలభై మూడు ఫోటోలు.

నలభై మూడు తీశాక గానీ కొమ్మ ఏమైందన్న ప్రశ్న నాకు రాలేదు.

లేచి చూశాను. చెట్టు కింద పచ్చి తుమ్మకొమ్మలు ఐదారు పడి ఉన్నాయి. నరికిన చోట కాండం మీద తెల్లగా గాయం. కింద గడ్డంతా తొక్కి చదునైపోయింది. నీళ్ళసీసాలు, బిస్కెట్ కాగితాలు, మూడు చోట్ల ట్రైపాడ్ కాళ్ళు దిగబడిన గుంటలు. తల్లి దూరంగా తాడిమట్ట మీద కూర్చుని అరుస్తోంది. అంతసేపూ అరుస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. నాకు వినిపించలేదు.

కాసేపటికి పిన్ని వచ్చింది. నన్ను చూసి గడ్డిమోపు కింద పడేసింది.

"నిన్న మీవాళ్ళు వచ్చారు గదమ్మా, కారేసుకుని," అంది.

"మావాళ్ళేంటి పిన్నీ?"

"మీ పేరే చెప్పారు. టీచరుగారు పంపారు, ఆవిడే ఇక్కడ గూడు ఉందని చెప్పింది అన్నారు. కొమ్మ కొట్టాలి, కత్తి ఇవ్వమన్నారు. మీరు చెప్పారంటే ఇచ్చా. నాకేం తెలుసు."

అది ఆవిడ కంప కొట్టుకునే కత్తి. తెనాలి నుంచి నలుగురు వచ్చారట. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఏ కొమ్మ కొట్టాలో కింద నుంచి చూపిస్తే, ఇంకొకాయన ఎక్కి కొట్టాడట. మిట్టమధ్యాహ్నం. తల్లి మొదట ఎగిరిపోయి, పిల్లలు ఎండకు అల్లాడుతుంటే ఆగలేక మళ్ళీ వచ్చి, గూటి అంచు మీద నిలబడి రెక్కలు విప్పి నీడ పట్టిందట. అప్పుడు అందరూ ఒకటే తీయడమట. సాయంత్రం వెలుతురు తగ్గాక చెట్టు కిందికే నడిచి, చేతులు పైకెత్తి ఫోన్లతో తీసుకున్నారట. అప్పుడు లేచిపోయిన తల్లి తాను వెళ్ళేదాకా తిరిగి రాలేదని పిన్ని చెప్పింది.

నేను పడిపోయిన కొమ్మ ఒకటి పట్టుకుని, ఎలాగైనా గూటికి అడ్డంగా కట్టాలని చెట్టు ఎక్కబోయాను. ముళ్ళు అరచేతుల్లో దిగాయి. పైన ఒక పిల్ల భయంతో గూటి అంచుకు జరిగింది. పిన్ని నా జబ్బ పట్టుకుని కిందికి లాగింది.

"మనం ఉంటే అది రాదు. మీరు చేసేది ఇంకేం లేదు. పదండి."

ఆ రోజు ఆరాధనలో ఏ వాక్యం చదివారో నాకు తెలియదు. మధ్యాహ్నం అన్నం ముట్టకుండా మళ్ళీ వెళ్ళాను. కట్ట మీద స్కూటీ ఆపక ముందే కాకులు కనిపించాయి. గూటిలో రెండు కాకులు. తల్లీ తండ్రీ ఒకదాని తర్వాత ఒకటి వాటి మీదికి దూకుతున్నాయి. కానీ కాకులు ఇంకా వస్తున్నాయి. చుట్టూ ముళ్ళకొమ్మలు ఉన్నన్నాళ్ళూ అవి లోపలికి దూరలేకపోయాయి. నేను అరుస్తూ, మట్టిగడ్డలు విసురుతూ పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. చెట్టు కింద ఒక పిల్ల దొరికింది. బూడిదరంగు నూగు, చీమలు పట్టిన కన్ను. అది కాకులు చంపింది కాదు. ముందురోజే చచ్చి ఉండాలి. రాత్రి ఇంట్లో కంప్యూటర్లో నా నలభై మూడు ఫోటోలు తెరిచి చూస్తే, నోళ్ళు తెరిచిన ఆ రెండింటి వెనక మూడోది తల వాల్చేసి పడుకుని ఉంది. ప్రతి ఫోటోలోనూ ఉంది.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. అయ్యో అన్నారు. కాకులు మామూలేగా అమ్మా, ప్రకృతి అంతే, అన్నారు. కొమ్మ ఎందుకు కొట్టించారని అడిగాను. రెండు పుల్లలు తీశాం, దానికే గూడు పోదు, నువ్వు ఉద్వేగంలో ఉన్నావు, అన్నారు. అప్పటిదాకా నన్ను మీరు అనేవారు.

ఎనిమిది నెలల తర్వాత బాపట్లలో ఒక ఫంక్షన్ హాల్లో క్లబ్బువాళ్ళు ఫోటోల ప్రదర్శన పెట్టారు. నేను వెళ్ళదలుచుకోలేదు. నా తీతువు ఫోటో ఒకటి ముందే పంపి ఉండడంతో, దాన్ని గోడ మీద చూడాలని మా ఆయనే బలవంతంగా బస్సెక్కించారు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద అది ఉంది. మనిషంత ఎత్తు. తెల్లడేగ గూటి అంచున నిలబడి, రెక్కలు రెండూ విప్పి, మెడ వంచి పిల్లల వైపు చూస్తోంది. రెక్కల నీడలో మూడు పిల్లలు. ప్రతి ఈకా లెక్కపెట్టొచ్చు. కింద పేరు: 'తల్లి ప్రేమ.' పక్కన మొదటి బహుమతి రిబ్బను.

అంత మంచి ఫోటో నేను ఈ జన్మలో తీయలేను. ముందు ఆ మాటే తోచింది. ఆ తర్వాత వచ్చింది కోపం. కాళ్ళ నుంచి పైకి వచ్చింది.

సభ మొదలైంది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఆ ఫోటో చూసి తనకు చనిపోయిన తల్లి గుర్తొచ్చిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరుగారిని ఫోటో ఎలా తీశారో చెప్పమన్నారు. ఆయన మైకు తీసుకుని, ఇదంతా ఓర్పు అండి, వేరే ఏం లేదు, పక్షి మనల్ని నమ్మాలి, అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. మా ఆయన నా చీరకొంగు పట్టుకుని లాగుతున్నారు.

"ఆ తల్లి రెక్కలు ఎందుకు విప్పిందో చెప్పండి సార్," అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. ఆయన చిరునవ్వుతో, ఎండకమ్మా, అన్నారు.

"ఎండ ఎక్కడి నుంచి వచ్చింది? దానికి కొమ్మ నీడ ఉండేది. మీరు నరికించారు. గొడుగు లాగేస్తే తల్లి ఒళ్ళు అడ్డం పెట్టింది. దానికి మీరు ప్రేమని పేరు పెట్టారు. మర్నాటికి ఆ మూడూ చచ్చిపోయాయండి."

నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, టీ విరామంలో మాట్లాడుకుందామండి, అని నెమ్మదిగా చెప్పారు. నేను కూర్చోలేదు. అప్పుడు డాక్టరుగారు అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను. ఆయన గొంతు పెంచలేదు. పేషెంటుకు సర్దిచెబుతున్నట్టే చెప్పారు.

"ఆ కొమ్మలు అక్కడ గడ్డి కోసుకునేవాళ్ళు నరికారమ్మా. వంటచెరుకు కోసం. నేను వెళ్ళేటప్పటికే అలా ఉంది. పాపం, వాళ్ళకేం తెలుస్తుంది."

అందరూ తలలు ఊపారు. నమ్మడానికి అది ఎంత సులువైన మాటో వాళ్ళ ముఖాల్లో చూశాను. కళ్ళజోడు, మైకు, తెల్లచొక్కా ఒకవైపు. కట్ట మీద కూర్చుని సద్ది తినే ముసలావిడ ఒకవైపు. ఎవరు నరికి ఉంటారో ఆలోచించాల్సిన పని కూడా వాళ్ళకు లేకపోయింది.

నా ఫోన్లో ఫోటోలు ఉన్నాయి. కొమ్మ ఉన్నప్పటివి, తేదీలతో. కొమ్మ లేనివి, ఆ నలభై మూడు, అవీ తేదీతో. మొదటివి చూపిస్తే రెండోవి ఏవని అడుగుతారు. అయినా ఫోన్ పైకెత్తి చూపించాను. అడిగారు కూడా. ముందు వరసలో ఒకాయన, మరి మీరూ ఆ కొమ్మ పోయాకే తీశారుగా, అన్నాడు. అవునండి, తీశాను, అన్నాను. నలభై మూడు. అవి నోరు తెరిచింది ఆకలితో అని తెలియక తీశాను. తెలియాల్సిన చదువు చదివీ తీశాను. కత్తి ఆవిడది, అడిగి తీసుకుంది వీళ్ళు, వాడింది నా పేరు, అన్నాను. ఇంకేం అన్నానో గుర్తులేదు. బయటికి వచ్చాక చూస్తే నా తీతువు ఫోటోను ఫ్రేముతో సహా గోడ నుంచి తీసుకుని చంకలో పెట్టుకుని ఉన్నాను.

బహుమతి వెనక్కి తీసుకోలేదు. రెండువారాల తర్వాత క్లబ్బు గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. వచ్చే ఏడు నుంచి గూళ్ళ ఫోటోలు ప్రదర్శనకు తీసుకోబోమని. ఎందుకో రాయలేదు. దాని కింద చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. డాక్టరుగారు కూడా పెట్టారు.

అక్కడితో అయిపోయేదేమో. కానీ హాల్లో జరిగిన గొడవ ఎవరి ద్వారానో అటవీశాఖ దాకా వెళ్ళింది. ఒకరోజు అక్కడి నుంచి ఒకాయన బీడుకు వచ్చి, ఇక్కడ గడ్డి కోసేవాళ్ళెవరు, డేగ గూడు పాడుచేసింది ఎవరు అని పిన్నిని అడిగాడట. మర్యాదగానే అడిగాడట. పేరు, ఊరు రాసుకుని వెళ్ళాడు. ఆవిడ భయపడి బీడుకు రావడం మానేసింది. గేదెలకు గడ్డి లేక పక్క ఊరి గట్ల మీదికి మూడు మైళ్ళు నడిచి వెళ్తోందని నెల తర్వాత తెలిసింది. వాళ్ళింటికి వెళ్ళాను. గడప దాటి లోపలికి రమ్మనలేదు.

"మీరు పిట్టని చూసుకోడానికి వచ్చారు. వాళ్ళు మిమ్మల్ని చూసి వచ్చారు. ఆ ఆఫీసరు వాళ్ళని చూసి వచ్చాడు. నేను అక్కడే ఉన్నా ఎప్పటినుంచో," అంది.

డాక్టరుగారి మీది కోపంతో మర్నాడు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. ఆయన ఇచ్చిన ట్రైపాడ్ వెంట తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో రోగుల మధ్య టోకెన్ తీసుకుని, ట్రైపాడ్ ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన అది ఎముకలకు కట్టే సామానా అని అడిగాడు.

నా వంతు వచ్చింది. ట్రైపాడ్ ఆయన బల్లకు ఆనించాను. ఆయన దాన్నీ నన్నూ చూసి, అమ్మకు ఎలా ఉంది, అన్నారు. బాగుందండి, మీరు రాసిన మందులే వాడుతోంది, అన్నాను. అది నిజం. ఆ మాట చెప్పాల్సి రావడం నాకు ఎంత మంటగా ఉందో చెప్పలేను.

గడ్డి కోసే ఆవిడ కొమ్మ నరకలేదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కాగితాలెందుకమ్మా. నేను ఒక ఫోన్ చేస్తాను. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనరు."

"అనకపోవడం కాదండి. ఆవిడ చేయలేదని రాయండి."

"పిట్టలు మళ్ళీ గుడ్లు పెడతాయి. మనుషులతో సంబంధాలు పోగొట్టుకుంటే మళ్ళీ రావు."

"ఆవిడ కూడా మనిషేనండి," అన్నాను.

ఆయన ముఖంలో ఏదో కదిలింది. సిగ్గనుకోవడానికి నాకు ఆశగా ఉంది గానీ, అలసట కూడా కావచ్చు. బయట యాభైమంది ఎదురుచూస్తున్నారు. ఆయన గంట కొట్టి తర్వాతి టోకెన్ పిలిపించారు. నేను ట్రైపాడ్ అక్కడే వదిలేసి వచ్చాను. అమ్మను ఇప్పుడు గుంటూరు తీసుకెళ్తున్నాను. అక్కడి డాక్టరు తెనాలి డాక్టరంత మంచివాడు కాదని అమ్మ ప్రతిసారీ అంటుంది.

కాగితం నేనే రాశాను. లొకేషన్ పంపింది నేనని, నా పేరు చెప్పి కత్తి అడిగి తీసుకున్నారని, కొమ్మ పోయాక నేనూ ఫోటోలు తీశానని, అన్ని ఫోటోలూ జతచేసి అటవీశాఖ ఆఫీసులో ఇచ్చాను. అక్కడి గుమస్తా మొత్తం చదివి, మీ మీద మీరే ఫిర్యాదు ఇచ్చుకుంటున్నారాండీ, అని అడిగాడు. రసీదు ఇచ్చాడు. తర్వాత పిన్నిని ఎవరూ ఏమీ అడగలేదు. నన్నూ అడగలేదు. డాక్టరుగారిని కూడా అడిగి ఉండరు. నా కాగితం వల్ల వదిలేశారో, ఆయన ఫోన్ వల్ల వదిలేశారో తెలియదు. ఆయన ఫోన్ వల్లే అయి ఉంటుందన్న అనుమానం నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

ఈ ఏడు పిన్ని మళ్ళీ బీడుకు వస్తోంది. చాలాకాలం నాతో మాట్లాడలేదు. మొన్న మినుము పూతకొచ్చిన రోజుల్లో స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి ఉంది. కాలువ అవతల డేగలు మళ్ళీ పుల్లలు మోస్తున్నాయని, చూడాలనుంటే ఆదివారం రమ్మని చెప్పింది.

"కెమెరా మాత్రం తేవద్దు. ఫోన్ కూడా ఇంట్లో పెట్టేసి రండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. కొమ్మ నరికింది నేనా? ఇంత గొడవపడింది ఎవరి కోసం? అందామని నోటిదాకా వచ్చింది. సరే పిన్నీ, అన్నాను. ఆదివారం వట్టి చేతులతో వెళ్ళాను. దారంతా కోపంగానే ఉన్నాను. ఆవిడ మీద, డాక్టరు మీద, నా మీద, ఎవరి మీదో విడదీసి చెప్పలేను. కాలువ దాటించి, ఒక గట్టు చూపించి ఇక్కడ కూర్చోమంది. కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దూరంగా తుమ్మ గుబురులో ఒక తోక చివర కనిపించింది. మగది ఎలుకను తెచ్చి పిలిస్తే, ఆడది బయటికి వచ్చి అందుకుని మళ్ళీ లోపలికి దూరింది. రెండు గంటల్లో కనిపించింది అంతే.

పిన్ని గడ్డి కోయలేదు. కొడవలి పక్కన పెట్టి, గూటికి వీపు పెట్టి, నాకు ఎదురుగా కూర్చుంది. నేను పిట్టను చూస్తున్నంతసేపూ ఆవిడ నన్నే చూస్తూ ఉంది.